‘ఒక్క రౌండ్ కొట్టి తెచ్చిపెట్టాం’ – అది దొంగతనం కాదా?

మనిషి ప్రాణం, ధనం, గౌరవం – ఈ మూడింటినీ ఇస్లాం పవిత్రమైనవిగా ప్రకటించింది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తమ చివరి హజ్ ప్రసంగంలో, ఆ రోజు ఎంత పవిత్రమైనదో, ఆ మాసం, ఆ నగరం ఎంత పవిత్రమైనవో, సాటి మనిషి ప్రాణం, ధనం, గౌరవం కూడా అంతే పవిత్రమైనవని ప్రజలకు చాటిచెప్పారు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే మన సందులో, మన ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి ఉన్న పొరుగువాని బండికి కూడా ఇది వర్తిస్తుందని మన పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా?

వరంగల్ మండీబజార్ పరిసరాల్లోని ఒక మసీదులో ప్రతి ఆదివారం యువకులకు దర్స్ జరుగుతుంది. ఒకనాడు దర్స్ ముగిశాక ఇంటర్ చదివే ఒక అబ్బాయి అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరకొచ్చాడు. “మౌలానా, ఒక మాట అడుగుతాను, కోప్పడొద్దు” అంటూ మొదలుపెట్టాడు. రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజ్ తర్వాత ముగ్గురు స్నేహితులు సహరీ దాకా తిరుగుదామని బయలుదేరారు. టీకొట్టు పందిరి కింద ఒక పాత టీవీఎస్ మోపెడ్ కనిపించింది. ఏ తాళంచెవి పెట్టినా తిరిగే బండి. ముగ్గురూ ఎక్కి హనుమకొండ చౌరస్తా, అక్కడి నుంచి కాజీపేట దాకా వెళ్ళారు. తిరిగి వస్తుంటే హంటర్ రోడ్డులో పెట్రోలు అయిపోయింది. చెట్టుకింద వదిలేసి ఇంటికొచ్చారు. మరునాడు రాత్రి భయపడి, పెట్రోలు పోయించి, తెచ్చి అదే సందు చివర పెట్టారు.

“బండి అమ్ముకోలేదు మౌలానా, ఉంచుకోనూ లేదు. ఒక్క రౌండ్ కొట్టి తెచ్చిపెట్టాం. అది దొంగతనమా?” – ఇదీ ఆ అబ్బాయి ప్రశ్న.

అతను అబద్ధం చెప్పడం లేదు. తాను దొంగననే భావం అతనికి నిజంగానే లేదు. అందుకే ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రం ఏం చెబుతుందో వివరంగా తెలుసుకోవలసి ఉంది.

హాస్యానికైనా సరే, నిజానికైనా సరే

మీలో ఎవరూ తన సోదరుని చేతికర్రను కూడా, సరదాకైనా సరే, నిజంగానైనా సరే, తీసుకోరాదని, ఒకవేళ తీసుకొని ఉంటే తిరిగి ఇచ్చివేయాలని దైవప్రవక్త (స) బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). గమనించండి! చేతికర్ర ఎంత ఖరీదు చేస్తుంది? ఎడారిలో ఏ చెట్టు కొమ్మ విరిచినా చేతికర్రే. అంతటి అల్పమైన వస్తువు విషయంలో కూడా ‘సరదాకి’ అనే సాకును ఆయన ముందుగానే తోసిపుచ్చారు.

ఇలాంటిదే మరో సంఘటన. సహాబాలు దైవప్రవక్త (స)తో కలిసి ప్రయాణం చేస్తున్నారు. ఒకాయన నిద్రపోతుండగా తోటివారు ఆయన దగ్గరున్న తాడును తీసుకున్నారు. లేచి చూసుకున్న ఆయన తాడు కనబడక కంగారుపడ్డారు. అప్పుడు దైవప్రవక్త (స) ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని హెచ్చరించారు (అబూదావూద్). తాడు పోలేదు, తెగలేదు. కానీ ఒక మనిషి గుండె కొన్ని క్షణాలపాటు ఝల్లుమంది. ఆ మాత్రానికే ఈ హెచ్చరిక! మరి తెల్లవారుజామున లేచి, రాత్రి పెట్టిన చోట బండి కనబడక, సందు సందూ పరుగులు తీసిన మనిషి కంగారుకు లెక్క ఎంత?

సర్ఖా, గస్బ్ – రెండూ నిషిద్ధమే

ఇతరుల సొమ్మును అక్రమంగా తీసుకోవడాన్ని మన ఫుఖహాలు (ధర్మశాస్త్రవేత్తలు) వేర్వేరు పేర్లతో విభజించి చూపారు. భద్రపరచిన సొమ్మును రహస్యంగా కాజేయడం ‘సర్ఖా’, అంటే దొంగతనం. యజమాని అనుమతి లేకుండా అతని వస్తువును తన స్వాధీనంలోకి తెచ్చుకోవడం ‘గస్బ్’, అంటే అపహరణ, ఆక్రమణ. సర్ఖాకు ఖుర్ఆన్‌లో నిర్దేశించిన శిక్ష (5:38) విధించడానికి ఎన్నో షరతులున్నాయి. అది న్యాయస్థానం పని. వ్యక్తులు చేతుల్లోకి తీసుకునేది కాదు. కాబట్టి ‘మాకు ఆ శిక్ష వర్తించదు కదా’ అని ఎవరూ ఊపిరి పీల్చుకోనక్కరలేదు. శిక్ష షరతులు పూర్తి కానంత మాత్రాన పాపం పాపం కాకుండా పోదు. పరస్పరం సొమ్మును అక్రమంగా తినవద్దన్న దైవాజ్ఞ (2:188, 4:29) రెండింటికీ సమానంగా వర్తిస్తుంది.

గస్బ్ విషయంలో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. తీసుకున్న చెయ్యి తిరిగి ఇచ్చేంతవరకు బాధ్యత వహించవలసిందేనని హదీసు చెబుతోంది (అబూదావూద్, తిర్మిజీ). దీన్నిబట్టి, బండి మన చేతిలో ఉన్నంతసేపు దానికి గీత పడినా, అద్దం పగిలినా, ఎవరో ఎత్తుకుపోయినా నష్టమంతా తీసుకున్నవాని మీదే పడుతుంది. ‘నా తప్పు లేదు, లారీ వాడు తగిలించాడు’ అన్న సాకు యజమాని ముందు చెల్లదు.

మరి వాడుకున్నందుకు అద్దె ఇవ్వాలా? ఈ విషయంలో ఇమాముల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. షాఫయీ, హంబలీ ఫుఖహాల దృష్టిలో వాడుకున్న కాలానికి అద్దె చెల్లించాలి. హనఫీ ఫిఖ్హ్‌లో సాధారణంగా వాడకానికి అద్దె విధించరు; కానీ వక్ఫ్ ఆస్తి, అనాథల ఆస్తి, ఆదాయం కోసమే ఉంచిన ఆస్తి – ఈ మూడింటికీ మినహాయింపు ఉంది. అంటే వేరేవారి ఆటోనో, ట్రాలీనో ఒక రాత్రి తిప్పుకొస్తే, హనఫీ మజ్‌హబ్ ప్రకారం కూడా ఆ వాడకానికి కిరాయి బాకీ పడినట్లే.

ఇంకో రకం ఉంది. దాన్ని మనం తప్పుగానే లెక్కించం. ‘భాయ్, నమాజ్‌కు వెళ్ళొస్తా, బండి ఇవ్వు’ అని స్నేహితుణ్ణి అడిగి తీసుకొని, అక్కడి నుంచి జనగామ దాకా పోయి రావడం. అరువు తీసుకున్న వస్తువు అమానత్. యజమాని దేనికోసం ఇచ్చాడో ఆ హద్దు దాటిన క్షణం నుంచి అరువు తీసుకున్నవాడు అపహర్త స్థానంలోకి వెళ్తాడని, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యుడవుతాడని ఫుఖహాలు తేల్చిచెప్పారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు కదా (4:58)!

తప్పిపోయిన ఒంటె

‘తాళం బండికే వదిలేశాడు, తప్పు ఆయనదే’ అని మరికొందరు వాదిస్తారు. దైవప్రవక్త (స) కాలంలో ఒంటెలే వాహనాలు. దిక్కు తప్పి తిరుగుతున్న ఒంటె కనబడితే ఏం చేయాలని ఒక వ్యక్తి అడిగాడు. ఆయన (స) ముఖం ఆగ్రహంతో ఎర్రబారింది. దానితో నీకేం పని? నడవడానికి దానికి కాళ్ళున్నాయి, తాగడానికి నీళ్ళు వెతుక్కోగలదు, యజమాని వచ్చి కలుసుకునేంతవరకు దాన్ని అలా వదిలెయ్ అనే భావంలో సమాధానమిచ్చారు (బుఖారీ, ముస్లిం). యజమాని ఎవరో తెలియని ఒంటెనే ముట్టుకోవద్దంటే, యజమాని పక్క గదిలో నిద్రపోతున్న బండి సంగతేమిటి? ఇతరుల నిర్లక్ష్యం మనకు అనుమతిపత్రం కాజాలదు.

మన దేశ చట్టం ఏమంటోంది?

సరిగ్గా ఈ ‘కాసేపటికే తీసుకున్నాం’ అన్న వాదనే ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1952 మే 14న జోధ్‌పూర్‌లోని వైమానిక దళ అకాడమీలో శిక్షణ పొందుతున్న ఒక క్యాడెట్ తన సహచరునితో కలిసి అనుమతి లేకుండా ఒక శిక్షణ విమానాన్ని ఎగరేసుకుపోయాడు. అది చివరకు పాకిస్తాన్‌లో దిగింది. తిరిగి ఇచ్చే ఉద్దేశంతోనే తీసుకున్నామన్న వాదనను సుప్రీంకోర్టు 1957లో ఇచ్చిన తీర్పులో అంగీకరించలేదు. అనుమతి లేకుండా తాత్కాలికంగా తీసుకున్నా యజమానికి అన్యాయంగా నష్టం కలిగించినట్లేనని, అది దొంగతనం కిందికే వస్తుందని కె.ఎన్. మెహ్రా కేసుగా పేరుపడిన ఆ తీర్పు స్పష్టం చేసింది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. సరుకులను, ప్రయాణికులను చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. దొంగసొమ్మని తెలిసి కొన్నవారికి 317వ సెక్షన్ ఉంది. కాగితాలు లేని బండిని సగం ధరకు కొనేవారు, దాని విడిభాగాలు విప్పి అమ్మేవారు ఇది గుర్తుంచుకోవాలి. పాపకార్యాల్లో పరస్పరం సహకరించుకోవద్దని ఖుర్ఆన్ చెప్పింది కూడా ఇలాంటివారికే (5:2). ఇక మోటారు వాహనాల చట్టం 197వ సెక్షన్, యజమాని సమ్మతి లేకుండా బండి తీసుకుపోయి నడపడాన్నే ఒక ప్రత్యేక నేరంగా పరిగణిస్తుంది. దానికి మూడు నెలల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల కేసులను బాలల న్యాయమండలి విచారిస్తుంది. ఆ వయసు దాటినవారి మీద మాత్రం మామూలు క్రిమినల్ కేసే. రేపు గల్ఫ్‌కు వెళ్దామని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకున్ననాడు, ఉద్యోగంలో పోలీసు విచారణ జరిగిననాడు ఆ ‘ఒక్క రౌండ్’ ఎదురొచ్చి నిలబడుతుంది.

పోయింది బండి ఒక్కటేనా?

మళ్ళీ ఆ అబ్బాయి విషయానికొద్దాం. ఆ మోపెడ్ ఎవరిదో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దాయనది. తెల్లవారుజామున లక్ష్మీపురం మార్కెట్‌కు వెళ్ళి, బండికి రెండు వైపులా సంచులు కట్టుకొని వచ్చి, వాడవాడా తిరిగి అమ్ముకుంటాడు. ఆ పూట బండి లేదు. అంటే ఆ రోజు సరుకు లేదు, ఆ రోజు సంపాదన లేదు. ఖరీదైన కారు పోయినవానికి బీమా ఉంటుంది. ఇలాంటి పాత బండి పోయినవానికి అప్పు ఒక్కటే దిక్కు. మన నగరంలో ఎనుమాముల మార్కెట్‌కు పనికొచ్చే హమాలీలు, కొత్తవాడలో దర్రీలు నేసే నేతకార్మికులు, ఎం.జి.ఎం. ఆసుపత్రిలో రోగి దగ్గరున్న తల్లికి అన్నం తీసుకెళ్ళే కొడుకు – వీళ్ళందరి బతుకు ఒక పాత బండి మీద నడుస్తోంది.

ఆ అబ్బాయి ఇంకో మాట చెప్పాడు. అది చెప్పేటప్పుడు తల వంచుకున్నాడు. బండి కనబడకపోయేసరికి ఆ పెద్దాయన టీకొట్టులో గ్లాసులు కడిగే కుర్రవాణ్ణి అనుమానించాడట. కొట్టు యజమాని ఆ కుర్రవాణ్ణి నాలుగు దెబ్బలు కొట్టి పనిలోంచి తీసేశాడట. మరునాడు బండి దొరికింది. కానీ ‘వీడే భయపడి తెచ్చిపెట్టాడు’ అనుకున్నారు తప్ప కుర్రవాణ్ణి మళ్ళీ పనికి పిలవలేదు.

ప్రియ సోదరులారా! ఇక్కడ పాపం ఒకటి రెండయింది. తప్పు ఒకరు చేసి, నింద మరొకరి మీద పడితే దాని తీవ్రత ఏమిటో దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 105 నుంచి 113 వరకు గల ఆయతులలో చూడవచ్చు. వాటి నేపథ్యం గురించి వ్యాఖ్యాన గ్రంథాల్లో ఇలా ఉంది: మదీనాలో బనూ ఉబైరిఖ్ కుటుంబానికి చెందిన ఒక వ్యక్తి ఒకరి ఇంట్లో కవచాన్ని దొంగిలించాడు. అతను బయటికి ముస్లింగా చెలామణి అవుతున్నవాడే. నేరం బయటపడుతుందనగా దాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. అతని కుటుంబీకులు దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి తమవాని తరఫున గట్టిగా మాట్లాడారు. అప్పుడు అల్లాహ్ ఆయతులు అవతరింపజేసి ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టాడు. ద్రోహుల తరఫున వాదించవద్దని ఆజ్ఞాపించాడు. తన తప్పును అమాయకుని మీద మోపేవాడు పెద్ద అభాండాన్ని, స్పష్టమైన పాపాన్ని మోసినట్లేనని ప్రకటించాడు.

‘మనవాడు’ అని వెనకేసుకొచ్చేవారు ఈ ఆయతులను ఒకసారి చదవాలి. నింద పడిన వ్యక్తి ఏ మతంవాడు, ఏ కులంవాడు అన్నది న్యాయానికి అడ్డురాదు. ఒప్పందంతో మనతో కలిసి బతికే ముస్లిమేతరునికి ఎవరు అన్యాయం చేస్తారో, అతని హక్కు ఎవరు కాజేస్తారో వారికి వ్యతిరేకంగా ప్రళయదినాన తానే వాదిస్తానని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). మనకు సిఫారసు చేస్తారని ఆశపడుతున్న ప్రవక్తే (స) మన ప్రత్యర్థిగా నిలబడితే ఇక మన గతేమిటి?

అనుమానం ఎంత దూరం పోతుందో మన కాలంలోనూ చూశాం. 2019 జూన్‌లో ఝార్ఖండ్‌లోని సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లాలో తబ్రేజ్ అన్సారీ అనే యువకుణ్ణి మోటార్‌సైకిల్ దొంగ అన్న అనుమానంతో స్తంభానికి కట్టి కొట్టారు. కొద్దిరోజులకే అతను మరణించాడు. 2023 జూలైలో న్యాయస్థానం పదిమందికి పదేళ్ళ చొప్పున జైలుశిక్ష విధించింది. ఆ వార్త విని మన గుండెలు మండిపోయాయి. కానీ టీకొట్టు కుర్రవాని మీద పడిన నాలుగు దెబ్బలు కూడా ఆ జాతికి చెందినవే. వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమని, అనుమానాలకు దూరంగా ఉండమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (49:6, 49:12). దొంగ దొరికితే పోలీసులకు అప్పగించాలి. చెయ్యి చేసుకునే హక్కు ఎవరికీ లేదు.

వేగం ఎవరి ప్రాణం తీస్తుంది?

తనది కాని బండి మీద మనిషికి జాలి ఉండదు. పట్టుబడతానన్న భయం ఒకవైపు, స్నేహితుల కేకలు ఒకవైపు. అందుకే అపహరించిన బండి ఎప్పుడూ వేగంగానే పోతుంది. ఇది ఒక్క మన ఊరి జబ్బు కాదు. 1991 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని మెడోవెల్ అనే బస్తీలో దొంగిలించిన కారులో పోతున్న ఇద్దరు యువకులు పోలీసులు వెంటాడుతుండగా ప్రమాదంలో చనిపోయారు. దాని తర్వాత అక్కడ అల్లర్లు చెలరేగాయి. మరుసటి ఏడాదే, అనుమతి లేకుండా తీసుకున్న వాహనంతో ప్రమాదం చేసేవారిని కఠినంగా శిక్షించే కొత్త చట్టాన్ని బ్రిటన్ తెచ్చింది. అమెరికాలో కియా, హ్యుందాయ్ కార్లను తేలికగా ఎలా ఎత్తుకుపోవచ్చో చూపే వీడియోలు టిక్‌టాక్‌లో ఒక పందెంలా వ్యాపించాయి. దాని ఫలితంగా కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు నమోదయ్యాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ 2023 ఫిబ్రవరిలో వెల్లడించింది. సౌదీ అరేబియాలో కుర్రకారు కార్లను రోడ్ల మీద అడ్డంగా జార్చే ‘తఫ్‌హీత్’ అనే విన్యాసం ఎన్నో ఇళ్ళలో దుఃఖం నింపింది. అక్కడి ప్రభుత్వం మొదటిసారి పట్టుబడినవారికే 20 వేల రియాళ్ళ జరిమానా పెట్టవలసి వచ్చింది.

మన రాష్ట్రంలో సొంత బండి మీద కూడా వేగం ఎంతమంది తల్లుల ఒడి ఖాళీ చేయలేదు! 2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ కెప్టెన్ ముహమ్మద్ అజహరుద్దీన్ గారి 19 ఏళ్ళ కుమారుడు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో గాయపడి కొద్దిరోజులకే కన్నుమూశాడు. వెంట ఉన్న బంధువు, చిన్న కుర్రవాడు, అతనూ ప్రాణాలు కోల్పోయాడు. అల్లాహ్ వారిని క్షమించుగాక! షబె బరాత్ రాత్రి ఇబాదత్ చేయవలసిన పిల్లలు బైకుల మీద విన్యాసాలకు బయలుదేరుతుంటే, హైదరాబాద్‌లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయవలసి వస్తోంది. పుణ్యరాత్రికి మనం తెచ్చిపెట్టిన పేరు ఇది.

మిమ్మల్ని మీరు స్వయంగా వినాశంలోకి నెట్టుకోకండని ఖుర్ఆన్ హెచ్చరించింది (2:195). ఇక మన బండి కింద ఇంకొకరు పడి చనిపోతే? అది పొరపాటున జరిగిన హత్య అయినా సరే, మృతుని వారసులకు రక్తపరిహారం చెల్లించడంతోపాటు ప్రాయశ్చిత్తం కూడా చేసుకోవాలని అన్నిసా సూరా 92వ ఆయతు నిర్దేశిస్తోంది. బానిస విమోచన సాధ్యం కాని ఈ కాలంలో ఆ ప్రాయశ్చిత్తం ఎడతెగకుండా రెండు నెలల ఉపవాసాలే. తప్పు తనదైన డ్రైవరుకు ఇది వర్తిస్తుందని ఉలమాలు చెబుతున్నారు. కోర్టులో కేసు కొట్టేసినా, బీమా కంపెనీ డబ్బు కట్టినా అల్లాహ్‌కు చెల్లించవలసిన ఈ బాకీ తీరదు. ఈ సంగతి మన యువకుల్లో ఎంతమందికి తెలుసు?

స్వారీ నిషిద్ధం కాదు

ఇస్లాం యువకుల ఉత్సాహాన్ని అణచివేస్తుందని ఎవరూ అనుకోవద్దు. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రప్పందాలు నిర్వహింపజేశారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా, తర్ఫీదు లేనివాటికి సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు దాకా వేర్వేరు దూరాలు నిర్ణయించారు (బుఖారీ). ఇందులో మనకు పాఠాలున్నాయి: గుర్రాలు ఎవరివో తెలుసు, పరుగెత్తే హద్దు ముందే తెలుసు, నేర్చినవానికీ నేర్వనివానికీ తేడా ఉంది. ఒక రాత్రి మదీనా ప్రజలు ఏదో అలికిడికి భయపడితే, ఆయన (స) అబూ తల్హా (రజి) గారి గుర్రాన్ని అరువు తీసుకొని ముందుగా వెళ్ళి చూసివచ్చారు (బుఖారీ). అంతటి అత్యవసరంలోనూ అది అడిగి తీసుకున్న గుర్రమే!

అరఫాత్ నుంచి తిరిగివస్తూ జనం ఒంటెలను అదిలించి తోలుతుంటే, తొందరపాటులో పుణ్యం లేదని, నిదానంగా సాగమని ఆయన (స) సైగ చేశారు (బుఖారీ). గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి పరదా, ఒకరికి పాపభారం అవుతుందని, గొప్పలు చూపుకోవడానికి పెంచేవానికి అది పాపభారమేనని కూడా తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). గుర్రం స్థానంలో బైకు పెట్టి చూసుకోండి. వాహనమెక్కగానే మనం చదివే దుఆలో, దీన్ని మాకు వశపరచినవాడు పరమ పవిత్రుడని, మేము మా ప్రభువు వైపునకు మరలిపోవలసినవారమని ఒప్పుకుంటాం (43:13-14). దొంగిలించిన బండి ఎక్కి ఈ దుఆ ఏ నోటితో చదువుతాం?

తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

వార్తాపత్రికల్లో బైకు దొంగల అరెస్టు గురించి రాసేటప్పుడు ‘జల్సాలకు అలవాటుపడి’ అనే మాట తప్పనిసరిగా ఉంటుంది. ఆ అలవాటు ఒక్కరోజులో రాదు. పదమూడేళ్ళ పిల్లవాడు బండి నడిపితే ‘మా వాడు అప్పుడే నేర్చేసుకున్నాడు’ అని మురిసిపోయిన తండ్రి దగ్గర అది మొదలవుతుంది. చట్టం కూడా ఇప్పుడు ఆ తండ్రినే అడుగుతోంది. 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని మూడేళ్ళ వరకు జైలుశిక్షకు, 25 వేల రూపాయల జరిమానాకు గురికావచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు రాదు.

ఈ న్యాయసూత్రం మనకు కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో హాతిబ్ సేవకులు ముజైనా తెగవాని ఆడ ఒంటెను దొంగిలించి కోసుకు తిన్నారు. విచారణలో ఉమర్ (రజి)కి, యజమాని వాళ్ళను ఆకలికి మాడుస్తున్నాడని అర్థమైంది. ఒంటె ఖరీదెంత అని దాని యజమానిని అడిగారు. నాలుగువందల దిర్హములకు కూడా ఇవ్వనని చెప్పుకున్నవాణ్ణని అతనన్నాడు. అతనికి ఎనిమిదివందలు ఇవ్వవలసిందిగా సేవకుల యజమానిని ఆదేశించారు (మువత్తా ఇమామ్ మాలిక్). ఆ స్థితికి తెచ్చినవాణ్ణి ఆయన వదిలిపెట్టలేదు.

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసిందేనని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). ఇషా తర్వాత పిల్లవాడు ఎక్కడున్నాడో, ఎవరి బండి మీద వచ్చాడో అడగని తండ్రి ఈ హదీసుకు ఏం జవాబిస్తాడు? ఓడ అడుగున ఉన్నవారు రంధ్రం చేస్తుంటే పైవాళ్ళు ఊరుకుంటే అందరూ మునుగుతారన్న ఉపమానం కూడా ఆయన (స) చెప్పినదే (బుఖారీ). మసీదు కమిటీలు, మొహల్లా పెద్దలు రమజాన్ రాత్రుల్లో యువకులకు ఏదైనా పని అప్పగించాలి; ఎం.జి.ఎం. ఆసుపత్రిలో రోగుల సహాయకులకు సహరీ అందించే పని ఇచ్చినా చాలు. వాళ్ళ కాళ్ళల్లోని పరుగుకు ఒక దారి దొరుకుతుంది.

తౌబా ఎలా చేసుకోవాలి?

అల్లాహ్ హక్కులో జరిగిన తప్పుకు తౌబా షరతులు మూడు: ఆ పని మానుకోవడం, జరిగినదానికి సిగ్గుపడి కుమిలిపోవడం, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవడం. దాసుల హక్కు అందులో చేరితే నాలుగో షరతు కూడా ఉంది – ఆ హక్కును హక్కుదారునికి చేర్చడం. ఎవరికైనా అన్యాయం చేసినవారు దీనారు, దిర్హము పనికిరాని రోజు రాకముందే, ఈరోజే దాన్ని సరిచేసుకోవాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకొని వచ్చి, ఒకరిని తిట్టి, ఒకరి మీద నింద వేసి, ఒకరి సొమ్ము తిని, చివరకు పుణ్యాలన్నీ వాళ్ళకే పంచి దివాలా తీసేవాని గురించి కూడా విన్నాం (ముస్లిం). ఆ అబ్బాయి తరావీహ్ చదివి వచ్చిన రాత్రే ఈ పని చేశాడని గుర్తుంచుకోండి.

ఆ అబ్బాయికి మూడు పనులు చెప్పాను. ఒకటి, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి క్షమించమని అడగాలి, పోయిన రోజు సంపాదన ఇవ్వాలి. రెండు, టీకొట్టు యజమాని ముందు ఆ కుర్రవాడు నిర్దోషి అని సాక్ష్యం చెప్పాలి. మూడు, ఆ కుర్రవాణ్ణి వెతికి క్షమాపణ కోరాలి. మొదటిది చేస్తానన్నాడు. రెండోదానికి ముఖం పాలిపోయింది. “అందరికీ తెలిసిపోతుంది కదా మౌలానా” అన్నాడు. “బాబూ, ఇక్కడ పదిమందికి తెలియడం తేలిక. అక్కడ సమస్త మానవాళి ముందు తెలుస్తుంది” అన్నాను.

రెండు వారాల తర్వాత అతనే నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. పెద్దాయన బండి మీద సంచులు సర్దుకుంటున్నాడు. విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. అబ్బాయి చేతిలోని డబ్బులు తీసుకోలేదు. “బండి దొరికింది తమ్మీ, నా నష్టం ఆ దినంతోనే పోయింది. కానీ ఆ పోరగాన్ని దొంగ అన్న. ఆ పైసలు తీస్కపోయి వానికియ్యి. నేను గూడ వస్త, నేను గూడ మాఫీ అడగాలె” అన్నాడు.

కుర్రవాడు ఇప్పుడు రంగశాయిపేటలో ఒక మెకానిక్ దగ్గర పనిచేస్తున్నాడని తెలిసింది. ముగ్గురం వెళ్ళాం. ఇద్దరు చెప్పిందీ విన్నాడు. డబ్బులు తీసుకున్నాడు. “మా అమ్మకు గూడ చెప్పున్రి. ఆమె గూడ నేనే తీసిన అనుకుంటున్నది” అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదే సాయంత్రం వాళ్ళింటికి కూడా వెళ్ళి చెప్పాడు.

సోదరులారా! ‘ఒక్క రౌండ్’ ఖరీదు ఎంతో ఇప్పుడు లెక్కవేయండి. ఒక పూట పెట్రోలు కాదు, ఒకరోజు కూరగాయల సంపాదన కూడా కాదు. ఒక తల్లి తన కొడుకును చూసే చూపు మారిపోయింది. దాన్ని తిరిగి తెచ్చి సందు చివర పెట్టడం ఎవరి తరం? యౌవనాన్ని ఎక్కడ గడిపావని అడిగేంతవరకు ప్రళయదినాన మనిషి పాదాలు కదలవని హదీసులో ఉంది (తిర్మిజీ). ఆ ప్రశ్నకు జవాబు ఇంకా రాసుకునే అవకాశం మన యువకుల చేతిలోనే ఉంది.

ఓ అల్లాహ్! మా పిల్లల చేతులను పరుల సొమ్ము నుంచి, వారి పాదాలను వినాశపు దారుల నుంచి కాపాడు. మా వల్ల నిందలు మోస్తున్న అమాయకులెవరైనా ఉంటే, వారి హక్కు వారికి చెల్లించేవరకు మాకు నిద్ర పట్టనివ్వకు. ఆరాధనలో పెరిగే యువకులకు నీ అర్ష్ నీడలో ఇస్తానన్న చోటులో మా యువకులను కూడా చేర్చు. ఆమీన్.